తోలు సీటు కిర్రుమంటోందా? ముందు చోటు, తర్వాతే గ్రీజు

సైకిలెక్కి నాలుగు తొక్కులు తొక్కగానే కింద నుంచి కిర్రు. కుడికాలు దిగితే కిర్రు, ఎడమకాలు దిగితే కిర్రు. రోడ్డు నున్నగా ఉంటే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. తోలు సీటు వాడేవాళ్ళలో ఈ చప్పుడు ఎరగనివాళ్ళు తక్కువ. వినగానే చేతికందిన నూనె సీసా తీసి సీటు మీదో కిందో పోసెయ్యాలనిపిస్తుంది. నేనూ అదే చేశాను. మూడు వారాలపాటు మైనం రాశాను, నూనె చుక్కలు వేశాను, సీటు ముక్కు దగ్గరి బోల్టు బిగించాను. చప్పుడు తగ్గలేదు. చివరికి సీటు పోస్టు (సీటుని మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం) బయటికి లాగి చూస్తే అది ఎండిపోయి, దుమ్ముపట్టి గరుకుగా ఉంది. తుడిచి, గ్రీజు రాసి పెట్టేసరికి పది నిమిషాల్లో చప్పుడు పోయింది. కానీ ఈలోగా అక్కర్లేని నూనె తాగి తోలు మెత్తబడింది, అక్కర్లేని బిగింపుకి సాగింది. ఆ రెండూ మళ్ళీ వెనక్కి రాలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో సగం భాగం చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడానికే ఇచ్చాను. చోటు దొరికితే మరమ్మతు చిన్నపని. దొరక్కుండా మొదలుపెడితే మంచి సీటు పాడవుతుంది.

సీటు ఎలా కట్టి ఉంటుంది

మామూలు సీట్లో గట్టి ప్లాస్టిక్ పెంకు, దానిమీద స్పాంజి, పైన తొడుగు ఉంటాయి. తోలు సీట్లో అవేవీ లేవు. దాదాపు 5 మి.మీ. మందం ఉన్న ఒకే ఒక్క తోలు ముక్కని ముందూ వెనకా ఇనుముకి బిగించి, మధ్యలో ఊయలలా వేలాడదీస్తారు. బ్రూక్స్ సంస్థ 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీనులు, తోలు సామాన్ల పనితో మొదలైంది. సైకిల్ సీటు మీద వాళ్ళ మొదటి పేటెంటు 1882 నాటిది. వాళ్ళ బీ17 నమూనా పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది, ఈ రోజుకీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది. ఫ్రాన్సులో జిల్ బెర్తూ, అమెరికాలో సెల్ అనాటమికా వంటివాళ్ళు చేసే సీట్లు కొన్ని వివరాల్లో వేరుగా ఉన్నా, వేలాడే తోలు అన్న సూత్రం ఒకటే.

సీటు తీసి తిరగేసి చూడండి. వెనక ఒక వంపు తిరిగిన ఇనుప పట్టీ ఉంటుంది, దానికి తోలుని రివెట్లతో కొట్టి ఉంటారు. ముందు ముక్కు దగ్గర ఇంకో చిన్న ఇనుప ముక్క, దానికీ రివెట్లు. ఈ రెండింటినీ కలుపుతూ రెండు కమ్మీలు వెళ్తాయి. ఇవే సీటు పట్టాలు, సాధారణంగా 7 మి.మీ. లావు. ముక్కు దగ్గర ఒక పొడుగాటి బోల్టు కనబడుతుంది. దాన్ని తిప్పితే ముక్కు ముందుకి జరుగుతుంది, తోలు బిగుస్తుంది.

ఇప్పుడు లెక్కపెట్టండి. కమ్మీలు వెనక పట్టీలో దూరే చోట్లు రెండు. ముక్కు దగ్గర బోల్టు తల ఆనే చోటు, నట్టు ఆనే చోటు, కమ్మీల వంపు ఆనే చోటు. క్లాంపు (కమ్మీలని పోస్టుకి బిగించే పట్టు) కమ్మీలని పట్టుకునే నాలుగు గాడులు. క్లాంపు పోస్టు మీద కూర్చునే చోటు. పోస్టు ఫ్రేములో దిగే చోటు. వీటిలో ప్రతి చోటా ఇనుము ఇనుముకో అల్యూమినియానికో తగులుతోంది. తోలు ఇనుముని తాకే చోట్లు అంతకన్నా తక్కువ. నా అనుభవంలో తోలు సీటు చప్పుడు అనుకున్న వాటిలో ఎక్కువ భాగం తోలుది కాదు, ఇనుముది. తోలు ఊయలలా ఊగుతుంది కాబట్టి మామూలు సీటు కంటే కమ్మీలు, క్లాంపు ఎక్కువ కదులుతాయి. ఆ కదలికకి ఎండిన చోట్లు కిర్రుమంటాయి. చెడ్డపేరు మాత్రం తోలు మీద పడుతుంది.

చోటు పట్టుకోవడం

మొదటి పరీక్ష తొక్కుతూనే చెయ్యొచ్చు. చప్పుడు వస్తున్నప్పుడు సీటు మీంచి లేచి, నిలబడి తొక్కండి. చప్పుడు ఆగకపోతే అది సీటుది కాదు. పెడల్, క్రాంకు, బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు తిరిగే చోటు), హ్యాండిల్ వైపు చూడాలి. సైకిల్ ఫ్రేము బోలు గొట్టాల కూర్పు కాబట్టి ఒక చివర పుట్టిన చప్పుడు ఇంకో చివర వినిపిస్తుంది. బాటమ్ బ్రాకెట్ కిర్రు సరిగ్గా సీటు కింద నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

నిలబడితే చప్పుడు ఆగిందనుకోండి. అప్పుడు కూర్చుని, తొక్కడం ఆపి, సైకిల్ దానంతటది వెళ్తుంటే నడుముని కుడికీ ఎడమకీ, ముందుకీ వెనక్కీ కొద్దిగా కదిలించండి. అప్పుడు కూడా కిర్రుమంటే సీటో, క్లాంపో, పోస్టో, ఈ మూడిట్లో ఒకటి. కూర్చుని తొక్కినప్పుడే వచ్చి, తొక్కకుండా కదిలితే రాకపోతే తొందరపడకండి. నిలబడినప్పుడు పెడల్ మీద బరువు పడే తీరు మారుతుంది కాబట్టి అది పెడల్ చప్పుడైనా కావచ్చు. పెడళ్ళు ఒకసారి విప్పి, మరలకి గ్రీజు రాసి బిగించి చూడండి. ఎడమ పెడల్ మర రివర్సులో ఉంటుందని మర్చిపోవద్దు.

ఇంకో మాట. సీటు వెనక సంచి కట్టే అలవాటుంటే అది తీసేసి ఒకసారి తొక్కండి. సీటు వెనక రింగుల్లో దూర్చిన తోలు పట్టీలు అచ్చం సీటు చప్పుడే చేస్తాయి. క్యారియర్ బోల్టులు, మడ్‌గార్డు కమ్మీలు, సీటు కింద బిగించిన లైటు పట్టీ కూడా చూడండి.

రెండో పరీక్ష నిలిపిన సైకిల్ మీద. ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే మీరు అరచేత్తో సీటుని నొక్కండి. ముక్కు మీద, నడిమధ్య, వెనక కుడివైపు, వెనక ఎడమవైపు, ఒక్కోచోట విడివిడిగా. తర్వాత ముక్కుని పట్టుకుని పక్కలకి మెలితిప్పినట్టు తొయ్యండి. నొక్కితే రాక, మెలితిప్పితేనే వచ్చే చప్పుడు దాదాపు ఎప్పుడూ పోస్టుదో క్లాంపుదో. నడిమధ్య నొక్కితే వచ్చేది ముక్కుదో, వెనక పట్టీదో. ఒక సన్నని కర్ర తీసుకుని ఒక చివర అనుమానం ఉన్న చోట ఆనించి, ఇంకో చివర చెవికి దగ్గర పెట్టుకుంటే చప్పుడు బాగా తెలుస్తుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే.

మూడోది అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. క్లాంపు విప్పి సీటుని పూర్తిగా బయటికి తీసెయ్యండి. ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో వెనక పట్టీ పట్టుకుని, మోకాలి మీద ఆనించి, తోలు నొక్కుకునేలా బలంగా వంచండి, తిప్పండి. చేతిలో కిర్రుమంటే తప్పు సీటుది. చేతిలో నిశ్శబ్దంగా ఉంటే సీటు నిర్దోషి. క్లాంపునీ పోస్టునీ చూసుకోండి, తోలు జోలికి వెళ్ళొద్దు. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే నా సీటు ఇంకా బిగువుగా ఉండేది.

చప్పుడు స్వభావం కూడా కొంత చెప్తుంది. టిక్, టక్ అని విడివిడిగా, పొడిగా వస్తే ఇనుము. కీచుమని సన్నగా సాగితే ఎండిన స్ప్రింగో, ముక్కు బోల్టో. పాత చెప్పులు కిర్రుమన్నట్టు మందంగా, మెల్లగా వస్తే తోలు. ఇది ఊహకి ఆధారమే తప్ప రుజువు కాదు.

చేతిలో ఉంచుకోవాల్సినవి

అలెన్ కీలు, సరైన సైజు పానాలు, ముక్కు బోల్టుకి సరిపడే పానా (కొన్ని సీట్లకి దానికి తగ్గ చిన్న పానా సీటుతోనే ఇస్తారు, పారేసుకోకండి), మామూలు బేరింగు గ్రీజు, పల్చటి యంత్రాల నూనె కొద్దిగా, పాత టూత్‌బ్రష్, పాత గుడ్డలు, అగ్గిపుల్లలు, తేనెమైనం ముక్క, తోలు సీటుకి రాసే మైనం, ఒక టేపు. గ్రీజు పెట్టడానికి వేలికన్నా అగ్గిపుల్ల మేలు. కావలసినచోట కావలసినంతే పెడుతుంది.

దేన్నైనా విప్పేముందు కొలతలు గుర్తుపెట్టుకోండి. పోస్టు ఫ్రేములోకి దిగే చోట టేపు చుట్టండి. కమ్మీల మీద క్లాంపు అంచు ఎక్కడుందో అక్కడా చిన్న టేపు ముక్క అంటించండి. ముక్కు ఎంత ఎత్తులో ఉందో పక్క నుంచి ఫోటో తీసుకోండి. తోలు సీటు మనిషి కూర్చునే తీరుకి తగ్గట్టు మలుచుకుని ఉంటుంది. తిరిగి పెట్టినప్పుడు వాలు కొంచెం మారినా ఒళ్ళు వెంటనే పట్టేస్తుంది.

పోస్టుతో మొదలుపెట్టండి

సీటు పోస్టుని కొందరు పిల్లరు అంటారు. చేతి పరీక్షలో సీటు నిశ్శబ్దంగా ఉంటే మొదట చూడాల్సింది ఇదే. ఫ్రేము గొట్టం పై అంచున పోస్టుని పట్టి ఉంచే ఉంగరం, అంటే కాలరు, దాని బోల్టు వదులు చేసి, పోస్టుని మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. రాకపోతే సుత్తితో కొట్టొద్దు. అల్యూమినియం పోస్టు ఉక్కు ఫ్రేములో ఏళ్ళ తరబడి ఎండి ఉంటే రెండు లోహాల మధ్య తేమ చేరి రసాయనికంగా పట్టేస్తుంది. అంచు దగ్గర చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, తర్వాత సీటుని పిడిలా పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు వస్తుంది. తోలు సీటుని మాత్రం పిడిగా వాడకండి, కమ్మీలు వంగుతాయి. ఆ పనికి ఏదైనా పాత సీటు బిగించుకోండి.

పోస్టు బయటికి వచ్చాక దాన్నీ, ఫ్రేము గొట్టం లోపలనీ గుడ్డతో శుభ్రంగా తుడవండి. గొట్టం లోపలికి కర్రకి చుట్టిన గుడ్డ వెళ్తుంది. గొట్టం పై అంచున ఉండే చీలికలో ఇసుక రేణువులు ఇరుక్కుంటాయి, అవీ తియ్యాలి. పోస్టు మీద నిలువుగా గీతలు, నల్లటి మరకలు ఉంటే అక్కడే రాపిడి జరుగుతోందని అర్థం. ఫ్రేము, పోస్టు రెండూ లోహమైతే లోపల దిగే భాగానికంతా పల్చగా గ్రీజు రాసి దించండి. రెండిట్లో ఏదైనా కార్బన్ అయితే గ్రీజు వద్దు. దానికోసం ఉండే గరుకు పేస్టు రాయాలి, లేకపోతే పోస్టు జారిపోతుంది. పోస్టు మీద చెక్కిన కనీస లోతు గీత ఫ్రేము లోపలే ఉండాలి.

కాలరు కూడా విప్పి, కింద చేరిన మట్టి తుడిచి, బోల్టు మరకి, తల కిందా కొంచెం గ్రీజు పెట్టండి. కాలరు మీద బిగింపు అంకె చెక్కి ఉంటే దాన్నే పాటించండి. చాలావాటి మీద 5 లేదా 6 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది.

ఇవన్నీ చేసినా పోస్టు దగ్గరే చప్పుడు వస్తుంటే దాని లావు అనుమానించాలి. పోస్టు వ్యాసాలు 0.2 మి.మీ. తేడాతో దొరుకుతాయి: 26.8, 27.0, 27.2 అలా. 27.2 ఫ్రేములో 27.0 పోస్టు దిగుతుంది, కాలరు బిగిస్తే పట్టుకుంటుంది కూడా. కానీ లోపలి కొన వదులుగా ఊగుతూ జీవితాంతం కిర్రుమంటుంది. పోస్టు అడుగున సైజు అంకె ఉంటుంది, చూసుకోండి. దీనికి గ్రీజు మందు కాదు, సరైన పోస్టే మందు.

క్లాంపు

క్లాంపులు రెండు రకాలు. ఒకటి పోస్టుతో కలిసే వచ్చేది, పైనించి ఒకటో రెండో బోల్టులతో బిగిస్తాం. ఇంకోటి పాతకాలం సైకిళ్ళలో విడిగా వచ్చేది. నున్నటి పోస్టు కొన మీద, ఎక్కువగా 22.2 మి.మీ. వ్యాసం దగ్గర కూర్చుంటుంది, అడ్డంగా ఒక బోల్టు, రెండు వైపులా నట్లు, పళ్ళున్న బిళ్ళలు ఉంటాయి. ఈ పాత రకం విప్పితే ముక్కలన్నీ ఒక్కసారి చేతిలో రాలతాయి. ఏది ఏ వరసలో ఉందో విప్పుతున్నప్పుడే బల్ల మీద అదే వరసలో పేర్చుకోండి.

ప్రతి ముక్కనీ టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. పళ్ళ మధ్య ఇరుక్కున్న ఇసుక పూర్తిగా పోవాలి. పళ్ళు అరిగి గుండ్రంగా అయితే ఆ బిళ్ళలు మార్చాల్సిందే. అవి బరువు పడ్డప్పుడల్లా ఒక్కో పన్ను జరుగుతూ టక్కుమంటాయి, ఎంత బిగించినా ఆగవు. తర్వాత బోల్టు మరలకి, బోల్టు తల కింద, వంపు తిరిగిన గిన్నెలాంటి చోట్లకి గ్రీజు పెట్టండి. కమ్మీలు కూర్చునే గాడుల్లో పల్చటి గ్రీజు పొర సరిపోతుంది. నేనైతే అక్కడ తేనెమైనం రుద్దుతాను. వేడికి కారి తోలుని తాకదు, దుమ్ముని అంతగా పట్టుకోదు.

చాలామంది గమనించని కారణం ఇంకోటుంది. తోలు సీట్ల కమ్మీల్లో తిన్నటి భాగం పొట్టిది. సీటుని మరీ ముందుకో, మరీ వెనక్కో జరిపితే క్లాంపు అంచు కమ్మీ వంపు మీదికి ఎక్కుతుంది. అప్పుడు గాడి మొత్తం ఆనదు, ఒక అంచు మాత్రమే కొరుకుతుంది. అక్కడ చప్పుడూ వస్తుంది, ఏళ్ళు గడిస్తే కమ్మీ విరగొచ్చు కూడా. క్లాంపు వంపులోకి వెళ్ళిందా అని పక్క నుంచి వంగి చూడండి. వెళ్తే సీటు జరపాలి. ఆ చోటు మీ ఒంటికి సరిపడకపోతే వెనక్కి వంపు ఎక్కువో తక్కువో ఉన్న పోస్టు వాడాలి.

రెండు బోల్టుల క్లాంపుని ఒకటి పూర్తిగా బిగించి రెండోది మొదలుపెట్టొద్దు. కొంచెం అటు, కొంచెం ఇటు, మార్చి మార్చి బిగించండి. రెండు వైపులా సమంగా ఆనితేనే మౌనంగా ఉంటుంది.

ముక్కు దగ్గర

చేతిలో పట్టుకుని వంచినప్పుడు సీటే కిర్రుమంటే ముందు అనుమానం ముక్కు మీదే. అక్కడ ఇనుప ముక్క, బోల్టు, నట్టు, కమ్మీల వంపు అన్నీ ఒక్కచోట చేరతాయి. కూర్చున్నప్పుడు తోలు కుంగుతుంది, కుంగినప్పుడల్లా ముక్కు ఇనుము బోల్టు తల మీద వెంట్రుకవాసి ఊగుతుంది. తయారీలో పెట్టిన కొద్దిపాటి గ్రీజు కొన్ని నెలలకే ఎండిపోతుంది.

సీటు తిరగేసి, ముక్కు లోపలంతా బ్రష్‌తో దులపండి. అగ్గిపుల్ల కొనకి కందిగింజంత గ్రీజు తీసుకుని బోల్టు తల ఇనుముకి ఆనే చోట, నట్టుకీ కమ్మీల వంపుకీ మధ్య, బోల్టు మరల మీద పెట్టండి. తర్వాత చేత్తో ముక్కుని పదిసార్లు నొక్కి వదలండి, గ్రీజు లోపలికి పాకుతుంది. బయటికి వచ్చినదాన్ని గుడ్డతో తుడిచెయ్యాలి. గ్రీజు తోలు లోపలి వైపుకి అంటనివ్వొద్దు. అటువైపు తోలుకి పాలిష్ ఉండదు, స్పాంజిలా పీల్చేస్తుంది.

స్ప్రేలు ఇక్కడ అసలు వాడకండి. డబ్ల్యూడీ-40 లాంటిది కొడితే చప్పుడు ఆ పూటకి ఆగుతుంది నిజమే. కానీ అది ఉన్న గ్రీజుని కడిగేస్తుంది, తానూ ఎక్కువకాలం నిలవదు, చుట్టుపక్కల తోలులోకి ఇంకుతుంది. రెండు వారాల తర్వాత చప్పుడు ఇంకా గట్టిగా తిరిగొస్తుంది.

ఇనుము నిశ్శబ్దమై తోలు మాత్రం ముక్కు ఇనుము అంచుకి రాసుకుంటూ ఉంటే రెండింటి మధ్య తేనెమైనం రుద్దిన సన్నని కాగితం ముక్కని దూర్చి ఒకట్రెండుసార్లు లాగండి. మైనం రెండువైపులా అంటుకుంటుంది. టాల్కమ్ పౌడరు చిటికెడు వేసినా పనిచేస్తుంది, అయితే వాన తగిలేదాకే. పౌడరు అసలు ఉపయోగం వేరు. అనుమానం ఉన్న ఒక్కచోట మాత్రం వేసి తొక్కి చూడండి. చప్పుడు ఆగితే చోటు దొరికినట్టే.

వెనక పట్టీ, రివెట్లు

కమ్మీల కొనలు వెనక పట్టీలో దూరే చోట టిక్ టిక్ అంటే ఒక్కో కొనకి ఒక్క చుక్క పల్చటి నూనె చాలు. ఆ చుక్క వేసే తీరు ముఖ్యం. సీటు తిరగేసి పెడితే తోలు అడుగున ఉంటుంది, నూనె నేరుగా దాని మీదికే కారుతుంది. అలా కాకుండా సీటుని ముక్కు పైకి వచ్చేలా నిలబెట్టండి. పట్టీకీ తోలుకీ మధ్య మడిచిన కాగితం దూర్చండి. సూది కొనతో చుక్కని కమ్మీ మీద పెడితే అది కమ్మీ వెంట జారి గాడిలోకి వెళ్తుంది. ఐదు నిమిషాలు ఆగి, మిగిలింది తుడిచి, కాగితం తీసెయ్యండి.

రివెట్ల చుట్టూ తోలు కదిలి కిర్రుమంటే తల చుట్టూ సీటు మైనం రుద్ది వదిలెయ్యండి. రివెట్ తలే వేలితో తిరుగుతుంటే అది మైనంతో పోదు, తోలు పని తెలిసినవాళ్ళ చేత మళ్ళీ కొట్టించాలి. ఇంట్లో సుత్తితో కొడితే బోలు రివెట్ పగులుతుంది.

స్ప్రింగులున్న సీట్లయితే వెతకాల్సిన చోట్లు పెరుగుతాయి. ప్రతి స్ప్రింగుకీ పైనా కిందా ఒక బోల్టు ఉంటుంది. నట్లు వదులైతే టక్కుమంటాయి, ముందు అవి బిగించండి. చుట్ల మధ్య చేరిన ఇసుకని బ్రష్‌తో దులిపి, స్ప్రింగు కొన పట్టీకి ఆనేచోట గ్రీజు పెట్టండి. స్ప్రింగు సీటు కొంచెం కూడా చప్పుడు చెయ్యకూడదని పట్టుబట్టకండి. బరువైన మనిషి గతుకులో పడ్డప్పుడు స్ప్రింగు ఒక మాట అనడం సహజం.

తోలే ఎండితే

ఇనుము చోట్లన్నీ చూశాక, ఇంకా ఆ మందపాటి కిర్రు వస్తుంటేనే తోలు దగ్గరికి రండి. ఈ తోలుని చెట్ల బెరడు రసాలతో పదును చేస్తారు, గట్టిగా ఉంటుంది, గాలికీ ఎండకీ తనలోని కొవ్వు పోగొట్టుకుంటుంది. ఎండిన తోలు రంగు వెలిసి, గోటితో తడితే అట్టలా మోగుతుంది. పక్కల వేలాడే భాగాలు కమ్మీలకి రాసుకుంటాయి.

సీటు తయారీదారు చెప్పిన మైనమే వాడండి. బ్రూక్స్ వాళ్ళ ప్రూఫైడ్‌లో పశువుల కొవ్వు, కాడ్ చేప నూనె, తేనెమైనం, పారఫిన్ మైనం వంటివి ఉంటాయి. నూనె లోపలికి ఇంకి పట్టు ఇస్తుంది, మైనం పైన నిలిచి నీటిని ఆపుతుంది. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో పైవైపు పల్చగా రాసి, ఒక రాత్రి వదిలి, పొద్దున్నే నున్నగా రుద్దండి. అడుగువైపు వెనక చక్రం నుంచి నీళ్ళు చిమ్మే సైకిల్ అయితే అటు కూడా ఒక పల్చటి పూత వెయ్యండి. ఆ తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు పైపైన రాస్తే చాలు. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

వంటనూనె రాయొద్దు, కొన్నాళ్ళకి పాడై వాసనొస్తుంది, తోలుని మెత్తబరుస్తుంది. బూట్లకీ జాకెట్లకీ వాడే మెత్తబరిచే నూనెలూ వద్దు. బూటు తోలు మెత్తగా ఉంటే హాయి. ఈ తోలు మాత్రం మన బరువు మొయ్యాలి, గట్టిగా ఉండటమే దాని పని. మెత్తబడిన సీటు మధ్యలో కుంగి, కూర్చోగానే కింద కమ్మీలకి తగులుతుంది. అప్పుడు పాత చప్పుడుకి తోడు కొత్త చప్పుడు.

కొత్త సీటు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాస్త కిర్రుమంటుంది. తోలు రివెట్ల చుట్టూ సర్దుకుంటోంది. దానికి ఒకసారి మైనం రాసి, ఓపిక పట్టండి.

బిగింపు బోల్టు, చివరి ఆయుధం

సాగిన తోలు ముక్కు దగ్గర అటూ ఇటూ ఊగి చప్పుడు చేస్తుంది. అప్పుడు మాత్రమే బిగించాలి. సీటు నడిమధ్య బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కొద్దిగా కుంగి వెంటనే లేస్తే బిగింపు బాగానే ఉంది, బోల్టు ముట్టుకోకండి. మెత్తగా కిందకి పోయి, కూర్చున్నప్పుడు పక్కల భాగాలు బయటికి తెరుచుకుంటుంటే బిగించే సమయం వచ్చింది.

పానాతో పావు చుట్టు తిప్పండి. ఎటు తిప్పాలన్న సందేహం ఉంటే ముక్కు మీద కన్నుంచండి. ముక్కు ముందుకి జరిగి, తోలు బిగుస్తుంటే అదే సరైన వైపు. పావు చుట్టు తిప్పి నాలుగైదు రోజులు తొక్కి చూడండి. చాలకపోతే ఇంకో పావు. ఒకే రోజు రెండు మూడు చుట్లు తిప్పితే చప్పుడు నిజంగానే ఆగుతుంది, కానీ లాగుడంతా ముక్కు రివెట్ల కన్నాల మీద పడి తోలు అక్కడే చిరగడం మొదలెడుతుంది. తెగేదాకా లాగకూడదన్న మాట ఈ బోల్టు గురించే చెప్పినట్టుంటుంది. తడిసిన తోలుని అస్సలు బిగించొద్దు. తడిలో సాగిపోతుంది, ఆరాక ఆకారం చెడుతుంది.

పక్కలు బాగా తెరుచుకున్న పాత సీటుకి బోల్టు కన్నా తాడు మంచిది. రెండు పక్కల కింది అంచున చిన్న కన్నాలు వేసి, బూటు లేసులా అడుగున ఎదురెదురుగా కట్టేస్తే తోలు మళ్ళీ దగ్గరికి వస్తుంది, కమ్మీలకి రాసుకోదు.

వానలో తడిస్తే

పూర్తిగా తడిసిన సీటు మీద కూర్చుని ఎక్కువదూరం వెళ్ళకండి. తప్పనిసరైతే సీటు మీద ఏదైనా ప్లాస్టిక్ సంచి వేసుకుని వెళ్ళండి. ఇంటికి వచ్చాక గుడ్డతో అద్ది, నీడలో, గాలి ఆడే చోట ఆరనివ్వండి. ఎండలో, హీటరు పక్కన, హెయిర్ డ్రయ్యరు కింద పెడితే తోలు ముడుచుకుని పగులుతుంది. ఆరిన తర్వాత ఒక పల్చటి పూత మైనం. వాన పడ్డ వారం ముక్కు బోల్టునీ ఒకసారి చూడండి, గ్రీజు కొట్టుకుపోయి ఉంటుంది.

మార్పులు ఒక్కోసారి ఒక్కటే చెయ్యండి. పోస్టుకి గ్రీజు పెట్టిన రోజే ముక్కు కూడా విప్పి, తోలుకీ మైనం రాసేస్తే, చప్పుడు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. ఆరు నెలల తర్వాత అదే చప్పుడు వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఒక కాగితం మీద తేదీ, చేసిన పని రాసి పనిముట్ల పెట్టెలో ఉంచుకుంటే చాలు. బిగించిన బోల్టులన్నిటినీ 50 కిలోమీటర్లు తొక్కాక ఒకసారి మళ్ళీ పానా వేసి చూడండి. క్లాంపులు కూర్చున్నాక కొద్దిగా వదులవుతాయి.

ఆఖరుగా, సీటు తీసిన ప్రతిసారీ కమ్మీల వంపుల్ని, ముక్కు ఇనుముని వెలుతురులో తిప్పి చూడండి. సన్నని నల్లటి గీత కనబడితే గుడ్డతో తుడవండి. తుడిస్తే పోయేది మట్టి. పోకపోతే పగులు. ముక్కు రివెట్ల దగ్గర తోలులో చీలిక ఉందేమో కూడా చూడండి. పగిలిన కమ్మీ కూడా మొదట్లో కిర్రుమనే అంటుంది, ఆ చప్పుడు గ్రీజుతో మూసేస్తే ఒకరోజు నడిరోడ్డు మీద విరుగుతుంది. కమ్మీలు, ముక్కు ఇనుము, బోల్టు విడిభాగాలుగా దొరికే సీట్లున్నాయి, తోలు బాగుంటే వాటిని మార్పించుకోవచ్చు. అది జరిగేదాకా ఆ సీటుని సైకిల్‌కి బిగించకండి.